సంజీవయ్య పార్కు స్టేషన్

పోయిన వారం సీతాఫల్‌మండి స్టేషన్ దగ్గర చాయ్ తాగుతుంటే నా పాత స్టూడెంట్ ఒకడు కలిశాడు. ఇప్పుడు ఓయూలో పీజీ చేస్తున్నాడు. "సార్, లాసెట్ రాస్తున్న. వకీలయ్యి, తర్వాత ఎమ్మెల్యే కావాల్నని ఉంది" అన్నాడు. పక్కనున్న దోస్తులు నవ్వారు. "ఎమ్మెల్యే కావడానికి లా ఎందుకురా? మనది రిజర్వుడు సీటు. టికెట్ ఇచ్చేటోని గేటు కాడ నిలబడితే చాలు" అన్నాడు ఒకడు.

ఆ మాటలో వెటకారం ఎంత ఉందో, చూసి నేర్చుకున్నది కూడా అంతే ఉంది. అందుకే కోపం రాలేదు. భయమేసింది.

"ఇక్కడ ఎంఎంటీఎస్ ఎక్కితే సికింద్రాబాద్, జేమ్స్ స్ట్రీట్ దాటాక వచ్చే స్టేషన్ ఏంటి?" అని అడిగాను.

"సంజీవయ్య పార్కు సార్. పెద్ద జెండా ఉంటది."

2016లో ఎగరేసిన 291 అడుగుల జెండా వాళ్లందరికీ తెలుసు. ఆ సంజీవయ్య ఎవరో నలుగురిలో ఒక్కడికీ తెలియదు. తప్పు వాళ్లది కాదు. పాఠం చెప్పాల్సిన నాలాంటి వాళ్లది.

దామోదరం సంజీవయ్య 1921లో కర్నూలు దగ్గర పెద్దపాడులో, ఒక పేద మాల కుటుంబంలో పుట్టాడు. 1948లో మద్రాసులో లా పూర్తి చేశాడు. 1950లో అడ్వొకేట్‌గా నమోదయ్యాడు. అంటే రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదే నల్లకోటు వేసుకున్నాడు. అదే ఏడాది ప్రొవిజనల్ పార్లమెంటులో సభ్యుడయ్యాడు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు గెలిచి, రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యాడు. అప్పటికి 31 ఏళ్లు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ప్రకాశం మంత్రివర్గంలోనూ ఉన్నాడు. 1960 జనవరిలో, ఇంకా 39 నిండకుండానే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. ఈ దేశంలో ఒక రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి.

ఆయన గురించి ఎప్పుడు మాట్లాడినా మనవాళ్లు ఒకే రకం కథలు చెప్తారు. నిజాయితీపరుడు. ఆస్తి కూడబెట్టలేదు. తల్లి పల్లెలో మామూలు ఇంట్లోనే బతికింది. ఇవి విని కళ్లు చెమర్చని వాళ్లుండరు. నాకూ చెమర్చాయి. కానీ ఒక ప్రశ్న వదలట్లేదు. మిగతా ముఖ్యమంత్రుల పేరెత్తితే ఏ డ్యాం కట్టాడు, ఏ చట్టం తెచ్చాడు అని లెక్క చెప్తాం. మనవాడి దగ్గరికి వచ్చేసరికి ఏం మిగుల్చుకోలేదో ఎందుకు లెక్కపెడతాం? దళితుడు పెద్ద పదవిలోకి వెళ్లినా పేదగానే తిరిగిరావాలి, అప్పుడే మంచివాడు అనే కోరిక ఈ పొగడ్తలో దాగి ఉంది. ఆ పొగడ్త కింద ఆయన చేసిన పని కనిపించకుండా పోయింది.

ఆ పని చూడండి. 1960లో ముసలివాళ్లకు పింఛను మొదలుపెట్టాడు. 1961లో అవినీతి నిరోధక శాఖ, మనం ఏసీబీ అంటున్నదే, ఏర్పాటు చేశాడు. భూమిలేని పేదలకు బంజర్లు పంచే పని చేశాడు. తర్వాత లాల్‌బహదూర్ శాస్త్రి ప్రభుత్వంలో కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. లాభం రాలేదని యజమాని చెప్పినా కనీసం 4 శాతం బోనస్ ఇవ్వాల్సిందేనని ఆ చట్టం అంది. ఈ నాలుగింటిలో ఉన్నది ఒకటే ఆలోచన. పెద్దమనిషి దయతో దొరికేదాన్ని కాగితం మీద హక్కుగా రాయించడం. దయ చూపినవాడు పోతే దయ పోతుంది. రాసిన కాగితం ఉంటే అడగొచ్చు, కోర్టుకెళ్లొచ్చు. అది లా చదివినవాడి బుద్ధి.

ఇదంతా చెప్తుంటే ఆ పిల్లవాడు మెల్లగా అన్నాడు: "మా నాయనమ్మకు పింఛన్ వస్తది సార్. మా నాయనకు కంపెనీల దసరాకు బోనస్ ఇస్తరు."

వాళ్లింట్లోకి ఆయన రెండుసార్లు వచ్చాడు. పేరు చెప్పకుండా వచ్చాడు.

అయితే కథను ఇక్కడ ఆపేస్తే మళ్లీ పూజే అవుతుంది. 1960లో నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగా వెళ్లినందుకు ఆ కుర్చీ ఖాళీ అయింది. 1962 ఎన్నికలయ్యాక సంజీవరెడ్డి మళ్లీ ముఖ్యమంత్రిగా వచ్చాడు. సంజీవయ్య ఆయన స్థానంలో జాతీయ అధ్యక్షుడయ్యాడు. ఆ పదవిలో కూర్చున్న తొలి దళితుడు అని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ జీవోలు ఇచ్చే కుర్చీ మాత్రం రెండేళ్ల రెండు నెలల్లో ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వాళ్ల దగ్గరికే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో దళిత ముఖ్యమంత్రి రాలేదు. దళితుడే తొలి ముఖ్యమంత్రి అన్న మాట విని కొట్లాడిన తెలంగాణలోనూ రాలేదు. చాయ్ బండి దగ్గర ఆ దోస్తు అన్న గేటు ఇదే. సంజీవయ్య అంతటివాడు కూడా దాన్ని పగలగొట్టలేకపోయాడు.

మరి లా చదివి లాభమేంటి? దీనికి జవాబు ఇంకో వకీలు దగ్గర ఉంది. బొజ్జా తారకం శాసనసభకు వెళ్లలేదు. 1985లో కారంచేడు జరిగాక హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదిలేసి బాధితుల పక్కన నిలబడ్డాడు. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని మామూలు మనిషి కోసం పుస్తకం రాశాడు. ఒకరు లోపలికి వెళ్లి కాగితం రాయించారు. ఇంకొకరు బయట నిలబడి ఆ కాగితాన్ని పనిచేయించారు. బయట అడిగేవాళ్లు లేకపోతే లోపలున్నవాడు ఒంటరి. ఆ ఒంటరిని కుర్చీలోంచి లేపడం తేలిక.

"తమ్ముడూ, ఎమ్మెల్యే అవ్వు, కాకపో. లా మాత్రం చదువు" అన్నాను. "గేటు కాడ నిలబడ్డవాడికి కూడా లోపల ఏ కాగితం మీద ఏం రాస్తున్నారో తెలియాలి."

వాడు నవ్వలేదు. ఆదివారం పార్కుకు పోదామా సార్ అన్నాడు. నవ్విన దోస్తు కూడా వస్తానన్నాడు. జెండా చూడ్డానికి కాదంట.

జై భీమ్.