మారు వడ్డన

మా ఉద్యోగంలో నలభై దాటిన అధికారులకు ఏటా వైద్య పరీక్ష జరుగుతుంది. ఎత్తు, బరువు, చూపు, రక్తపోటు, రక్త పరీక్షలు అన్నీ ఒక ఫారంలో నింపి, కవరులో పెట్టి ఇస్తారు. ఆరేళ్ళుగా ఆ కవరును నేను శ్రద్ధగా తెరచి చూసిన పాపాన పోలేదు. 2024 జూలైలో మాత్రం రెండు అంకెల కింద ఎర్ర సిరా గీతలు కనిపించాయి. పరగడుపున గ్లూకోజు 106. హెచ్‌బీఏ1సీ 5.9. వైద్యుడు వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. “ఇది మధుమేహం కాదు సార్. దానికి పూర్వదశ కావచ్చు. ఆహారం మార్చి, రోజూ నడవండి. మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం” అన్నాడు.

“కావచ్చు” అనే మాట ప్రభుత్వోద్యోగికి ఎంతటి ఆశ్రయమో అనుభవించినవారికే తెలుస్తుంది. దస్త్రం మీద “పరిశీలనలో ఉన్నది” అని రాసి పక్కన పెడితే కొన్నాళ్ళు నిశ్చింత. కవరును కార్యాలయంలోని సొరుగులో, సెలవు దరఖాస్తుల కింద దాచాను. పందొమ్మిది రోజులు అది అక్కడే ఉంది. ఇంట్లో చెప్పలేదు. ఆ పందొమ్మిది రోజుల్లో రెండుసార్లు ఆంధ్ర భవన్‌కు భోజనానికి వెళ్ళాను. ఢిల్లీలో కాపురముంటున్న తెలుగువాడికి ఆ భోజనశాల పుట్టింటి వంటిది. పప్పు, గోంగూర పచ్చడి, కందిపొడి, అడిగినంత అన్నం. రెండోసారి వెళ్ళిననాడు వడ్డించే కుర్రవాడు అన్నం బేసినుతో పక్కకు రాగానే నా చెయ్యి దానంతట అదే విస్తరి అంచుకు జరిగి చోటు చేసింది. ఆ చేతిని చూసి నాకే భయం వేసింది.

భయం ఎందుకో చెప్పాలంటే మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన తెనాలి దగ్గరి పల్లెలో ఉపాధ్యాయులు. నలభై ఎనిమిదో ఏట చక్కెర వ్యాధి బయటపడింది. “గొప్పవాళ్ళ జబ్బురా” అని నవ్వేవారు. కాఫీలో పంచదార మానేశారు. అన్నం మానలేదు, తగ్గించనూ లేదు. చక్కెర వ్యాధికి చక్కెరే కారణమని ఆ తరంలో చాలామందికి ఉన్న నమ్మకమే ఆయనకూ ఉండేది. తర్వాత ఇంజెక్షన్లు వచ్చాయి. ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కన మందు సీసాలు ఉండేవి. ఒక ఎండాకాలం చెప్పు కరిచి కాలి వేలి మీద పడిన పుండు మానలేదు, వేలు తీసేశారు. చివరకు మూత్రపిండాలు చెడి 2011 కార్తీకంలో పోయారు. అప్పుడు నాకు ముప్పై మూడు. ఇప్పుడు నలభై ఆరు. ఆయనకు వ్యాధి బయటపడిన వయసుకు రెండేళ్ళు తక్కువ.

ఇరవయ్యో రోజున కవరు తెచ్చి నా భార్య చేతికిచ్చాను. ఆమె నెమ్మదిగా చదివి, “ఇన్నాళ్ళు ఎందుకు దాచారు?” అని మాత్రం అడిగింది. సమాధానం లేని ప్రశ్న.

చరిత్ర చదివినవాణ్ణి కనుక మొదట అంకెల వంశవృక్షం వెతికాను. పరగడుపు గ్లూకోజు 110 దాటితేనే ఆందోళన పడాలని ఒకప్పుడు అనేవారు. అమెరికా మధుమేహ సంఘం 2003లో ఆ హద్దును 100కు దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 110 దగ్గరే నిలిచింది. అంటే నా 106 ఒక లెక్కన నిర్దోషి, మరో లెక్కన ముద్దాయి. మధ్యయుగం ఏ సంవత్సరంలో మొదలైందని తరగతిలో వాదించుకున్న రోజులు గుర్తుకు వచ్చాయి. హద్దులు మనం గీసుకున్నవే, కాని నది హద్దు కోసం ఆగదు. పైగా రెండో అంకె నా వాదాన్ని నిలవనీయలేదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అంతకాలమూ రక్తంలోని చక్కెర కొంత దానిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూ ఉంటుంది. ఎంత అంటుకుందో కొలిస్తే గడచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. పరగడుపు పరీక్ష ఒకనాటి ఉత్తరమైతే, ఇది మూడు నెలల రోజువారీ చిట్టా. పరీక్షకు ముందురోజు ఉపవాసముండి చిట్టాను దిద్దలేము. 5.7 నుంచి 6.4 దాకా పూర్వదశ అంటారు. నాది 5.9.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రచురితమైన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం, 13 కోట్ల 60 లక్షల మందికి దాని పూర్వదశ ఉన్నాయి. ఇంతమంది తోడున్నారన్నది ఓదార్పు కాదు. నాకు ధైర్యమిచ్చిన అంకె వేరే ఉంది. చెన్నై వైద్యులు 2006లో ప్రచురించిన పరిశోధనలో, పూర్వదశలో ఉన్నవారిలో ఏ మార్పూ చేసుకోనివారికి మూడేళ్ళలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చింది. ఆహారం, నడక మార్చుకున్నవారిలో అది నూటికి 39కి తగ్గింది. సగానికి పైగా వచ్చేది సగం లోపుకు రావడం చిన్న సంగతి కాదు. అయితే ఆ 39 మంది కూడా నడిచినవారేనన్నది రాత్రిళ్ళు గుర్తొస్తూ ఉండేది.

నడక సులువుగానే అలవాటైంది. లోదీ తోటలో ఉదయం నాలుగు కిలోమీటర్లు. సుశ్రుతుడు ప్రమేహ రోగికి, ముఖ్యంగా పేదవాడికి, నూరు యోజనాలు నడవమనీ, బావులు తవ్వమనీ చెప్పాడు. యోజనానికి ఎనిమిది మైళ్ళ చొప్పున లెక్క వేస్తే నా నడకకు సుమారు పదకొండు నెలలు పడుతుంది. సయ్యదుల సమాధుల చుట్టూ తిరుగుతూ ఈ లెక్క వేసుకోవడం నాకు ఒక వినోదం.

కష్టమల్లా అన్నంతోనే. పళ్ళెంలో సగం కూరలు, పావు పప్పు వంటివి, పావు మాత్రం అన్నం అన్నాడు వైద్యుడు. మన పళ్ళెంలో ముప్పాతిక అన్నమే. కూర దానిని దాటించే పడవ. మధ్యాహ్నం కార్యాలయంలో నలుగురం కలిసి తింటాం. షోలాపూరు మిత్రుడి డబ్బాలో జ్వారీ భాక్రీ, మండ్య మిత్రుడు పండుగ సెలవుల నుంచి వచ్చినప్పుడు చెప్పే రాగిముద్ద కబుర్లు, రాజస్థానీ మిత్రురాలు చలికాలంలో తెచ్చే సజ్జరొట్టె. వంగదేశపు మిత్రుడూ నేనూ మాత్రమే తెల్లటి అన్నం డబ్బాలు తెరిచేవాళ్ళం. అందరికంటె నాగరికులం మేమేనన్న భావం ఇద్దరికీ లోలోపల ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పలనాటి జొన్నకూటిని వెక్కిరించిన చాటువులు శ్రీనాథుడి పేర చెలామణిలో ఉన్నాయి కదా. జొన్నను చిన్నచూపు చూడటం మనకు ఆరువందల ఏళ్ళ అలవాటు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా జరుపుకొన్నాక జొన్నకు బంగారు రంగు డబ్బాలలో బిస్కట్లుగా గౌరవం దక్కింది. ఆ బిస్కట్లలో పంచదార ఎంతో మాత్రం ఎవరూ అడగరు.

అక్టోబరు చివర మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. బరువు నాలుగు కిలోలు తగ్గింది. అంకె 5.8. వైద్యుడు సంతోషించాడు. దీన్ని విజయమనాలో, కాలాన్ని కాస్త నిలబెట్టుకోవడమనాలో నాకు తెలియలేదు.

నవంబరులో నాన్నగారి తద్దినానికి ఊరు వెళ్ళాను. అమ్మకు అప్పటికీ ఏమీ చెప్పలేదు. క్రతువు ముగిసి, భోక్తలు లేచాక మేము విస్తళ్ళ ముందు కూర్చున్నాం. గారెలు, పరమాన్నం, నాన్నగారికి ఇష్టమైన పెండలం కూర. అమ్మ స్వయంగా వడ్డిస్తున్నది. నేను ఒక వడ్డన అన్నం తిని ఆగాను. ఆమె మారు వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. గరిటె గాలిలోనే నిలిచిపోయింది.

“చివర్లో మీ నాన్న గూడా ఇట్లాగే చెయ్యి అడ్డం పెట్టేవాడు” అంది.

ఇక దాచడం కుదరలేదు. ఆ సాయంత్రం వసారాలో కూర్చొని అంకెలన్నీ చెప్పాను. అన్నం తగ్గించాననీ, రాత్రిపూట జొన్నరొట్టె తింటున్నాననీ చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కళ్ళు తుడుచుకుంటుందనుకున్నాను. కాని ఆమె ముఖంలో కనిపించింది కోపం.

“జొన్నలా? జొన్నలు తినాల్సిన ఖర్మ నా బిడ్డలకు పట్టగూడదనే గదరా నేనీ ఊరొచ్చింది!”

అమ్మ పుట్టిల్లు పల్నాడులో. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసినదంతా అంతే. ఆమె 1952లో పుట్టింది. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. అంతవరకూ వాళ్ళ ఇంట్లో జొన్నన్నం, జొన్న సంకటి, పచ్చిమిరపకాయ కారం, మజ్జిగ. ఆడపిల్లలు తెల్లవారుజామున లేచి రోట్లో జొన్నలు దంచాలి. వరి అన్నం ఉగాదికి, సంక్రాంతికి, ఇంటికి అల్లుడు వస్తే. జ్వరం వచ్చి తగ్గినవాడికి పథ్యంగా పెట్టే వరి అన్నం కోసం జ్వరం వస్తే బాగుండునని ఆమె తమ్ముడు ఏడ్చేవాడట. డెల్టా నుంచి సంబంధం వచ్చినప్పుడు వాళ్ళ నాన్న అడిగిన మొదటి ప్రశ్న కట్నం గురించి కాదు, “మూడు పూటలా వరి అన్నమేనా?” అని. 1974లో పెళ్ళయి ఇక్కడికి వచ్చాక మా నాయనమ్మ వైపు బంధువులు “జొన్నకూటి ఊరి పిల్ల” అని మేలమాడేవారట. ఆనాడే ఆమె ఒట్టు పెట్టుకుంది, ఈ ఇంట్లో జొన్న గింజ అడుగుపెట్టకూడదని. మా చిన్నతనంలో ఆమె కొసరి కొసరి వడ్డించిన ప్రతి మారు వడ్డన వెనుకా ఆ ఒట్టు ఉంది. తాను గెలుచుకొన్నది మాకు పెట్టింది. దానికి నేను చెయ్యి అడ్డం పెట్టాను.

నాకు సిగ్గు వేసింది. నేను ఎం.ఏ.లో రాసిన వ్యాసం కృష్ణా ఆనకట్ట గురించి. 1832, 33 సంవత్సరాల గుంటూరు కరువు, 1852లో పని ఆరంభం, 1855లో పూర్తి, పెరిగిన మాగాణి, పెరిగిన శిస్తు. అన్నీ రాశాను. నీళ్ళు వచ్చాక జనం ఏమి తినడం మానేశారో ఒక్క వాక్యమూ రాయలేదు. మరపట్టిన తెల్లబియ్యం అలవాటైన సర్కారు జిల్లాలలో బెరిబెరి కనిపించిందనీ, నేడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనా విభాగంగానే పుట్టిందనీ ఈమధ్యనే చదివాను. పల్నాటి జొన్నల సాక్షి నాకు అన్నం పెడుతూ ఇంట్లోనే ఉండగా నేను పాత రాజపత్రాలు తిరగవేశాను.

“జొన్నలు తింటే మళ్ళీ బీదవాళ్ళం అయినట్టు కాదమ్మా” అన్నాను. ఆ మాట ఎంత పేలవంగా ఉందో అంటుండగానే తెలిసింది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మరునాడు ఉదయం వంటింట్లోంచి పిండి తట్టే చప్పుడు. పక్కింటి పాలేరును పంపి జొన్నపిండి తెప్పించిందట. వేడినీళ్ళు పోసి పిండి కలిపి పీట మీద రొట్టె తడుతున్నది. మొదటిది అంచులు పగిలి మూడు ముక్కలైంది. రెండోది పెనం మీదికి ఎత్తుతుండగా చిరిగింది. “యాభై ఏళ్ళయింది. చెయ్యి మరిచిపోయింది” అని విసుక్కుంది. మూడోది గుండ్రంగా వచ్చింది. పైన తడిగుడ్డతో నీళ్ళు అద్ది, తిరగేసి, పొంగేదాకా కాల్చింది. నేను రెండు తిని మూడోదానికి చెయ్యి చాపాను. “రెండు చాలన్నాడుగా మీ డాక్టరు?” అంది. రాత్రి చెప్పినదంతా వినే ఉంది. ఆ మూడోది తనే తీసుకుని, గోంగూర నంజుకుని, కిటికీ వైపు తిరిగి తిన్నది. ఎలా ఉందని నేను అడగలేదు.

జనవరిలో ఊరి నుంచి ఢిల్లీకి ఒక పార్సిలు వచ్చింది. అయిదు కిలోల జొన్నలు, గట్టిగా కట్టిన సంచి. “పిండి పాతబడితే రొట్టె ఇరుగుద్ది, వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోండి” అని చీటీ. సంచి అడుగున ఒక చిన్న స్టీలు డబ్బా, దాని నిండా సున్నుండలు. మూత మీద అంటించిన కాగితంలో అమ్మ చేతిరాత: “కోడలికి, పిల్లకు”. నేను ఆ డబ్బాను రెండుసార్లు తెరిచి లెక్కపెట్టాను. పద్దెనిమిది ఉన్నాయి.