నిందంతా గుజ్జు మీదే

అరవై దాటినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే కబుర్లు మోకాళ్ల దగ్గరికి దిగడానికి ఎంతోసేపు పట్టదు. "గుజ్జంతా అరిగిపోయిందటండీ" అని ఒకరంటే, "నాకైతే ఎముకా ఎముకా ఒరుసుకుంటోందన్నాడు డాక్టరు" అని ఇంకొకరు. ఆ తర్వాత గుజ్జు పెంచే పొడులు, నూనెలు, ఎవరి ఊరి వైద్యం వాళ్లది. పాపం గుజ్జు! దాని కిందున్న ఎముక పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఒక్క మాట అడుగుతాను. గుజ్జు అంటున్నామే, ఆ కార్టిలేజ్ నున్నగా, తెల్లగా మెరిసే పొర. మోకాల్లో చాలాచోట్ల రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం, అంతే. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. నరమే లేనిచోట నొప్పి ఎక్కణ్ణుంచి పుడుతుంది చెప్పండి? కీలు చుట్టూ ఉన్న పొరల నుంచి కొంత, కింది ఎముక నుంచి కొంత.

ఎముక రాయి కాదండీ. పాతదాన్ని తినేసే కణాలు, కొత్తది కట్టే కణాలు రాత్రింబవళ్లు అందులో పనిచేస్తూనే ఉంటాయి. బరువు ఎలా పడితే దానికి తగ్గట్టు ఎముక తనని తాను మార్చుకుంటుందని జర్మన్ డాక్టరు జూలియస్ వుల్ఫ్ 1892లోనే పుస్తకం రాశాడు. మోకాలి అరుగుదల మొదట్లో తినేవాళ్లది పైచేయి అవుతుంది. గుజ్జు కిందున్న ఎముక పొర పలచబడుతుంది, చిల్లులు పడుతుంది, ఆ చిల్లుల్లోంచి రక్తనాళాలూ నరాలూ పైకి పాకుతాయి. తర్వాత కట్టేవాళ్లు రెచ్చిపోతారు. ఎముక మందమై ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది, అంచుల్లో ముళ్లు మొలుస్తాయి, లోపల తిత్తులు ఏర్పడతాయి. మందమైంది కదా, గట్టిపడిందనుకునేరు! హడావుడిగా కట్టిన ఎముకలో ఖనిజాలు తక్కువ. నీళ్లు కొట్టకుండా వదిలేసిన స్లాబులాంటిది.

ఎమ్మారై వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. ఎముక మూలుగలో అక్కడక్కడా మచ్చలు. 2001లో బోస్టన్ పరిశోధకులు ఎక్స్‌రేలో అరుగుదల తేలినవాళ్లనే తీసుకుని చూస్తే, నొప్పి ఉన్నవాళ్లలో నూటికి 77 మందికి పైగా ఆ మచ్చలున్నాయి, నొప్పి లేనివాళ్లలో 30 మందికే. ఎక్స్‌రే భయంకరంగా ఉన్నా ఒకాయన మార్కెట్‌కి నడిచిపోతాడు, ఇంకొకావిడ ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేకపోయినా మెట్లు దిగలేదు. ఆ తేడాకి ఉన్న కారణాల్లో ఈ మచ్చలొకటి.

ముందు చెడేది ఎముకా, గుజ్జా? ముందు కింది ఎముక బిరుసెక్కుతుంది, దాంతో పైనున్న గుజ్జు దెబ్బలు తింటుంది అని ఎరిక్ రాడిన్ అనే అమెరికన్ సర్జన్ 1970లలో వాదించాడు. ఆ తగవు ఇంకా తెగలేదు. నన్నడిగితే, రెండూ కలిసే చెడతాయి.

మరి ఎముకకే మందు వేస్తే? వేసి చూశారు. ఎముకలు గుల్లబారినవాళ్లకిచ్చే జోలెడ్రానిక్ యాసిడ్ ఇంజెక్షన్ 2012లో ఒక చిన్న పరీక్షలో ఆశ పుట్టించింది. 2020లో ఎక్కువమందికి ఇచ్చి చూస్తే నొప్పీ తగ్గలేదు, గుజ్జూ నిలవలేదు.

ఇక మన చేతిలో ఉన్నది బరువే. ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నడకలో ఆ భారం ఎక్కువగా పడేది మోకాలి లోపలివైపున, దొడ్డికాళ్లవాళ్లకి మరీను. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి. తొడ కండరాలకి రోజూ కాస్త పని చెప్పండి. ఎక్స్‌రే మాత్రం నిలబెట్టి తీయమని అడగండి. పడుకోబెట్టి తీస్తే కీలు సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి, అరుగుదల తక్కువనిపిస్తుంది.