మల్లిక్ బజారులో ఒక స్టీరింగు చక్రం

గత శీతాకాలంలో స్వంత పనిమీద కలకత్తా వెళ్ళవలసి వచ్చింది. నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినా, విశాఖపట్నంలో హౌరా మెయిలు ఎక్కే మా తరంవారి నోట అది ఇంకా కలకత్తాయే. అందరూ కాళీఘాట్, విక్టోరియా మెమోరియల్ చూడటానికి వెళతారు. నేను మాత్రం ఒక పాత కారుకు కావలసిన సామాన్ల జాబితా జేబులో పెట్టుకుని బయలుదేరాను.

ఆ కారు మా నాన్నగారి 1968వ సంవత్సరపు అంబాసిడర్ మార్క్ టూ. వారు గతించిన తరువాత పదకొండేళ్ళు షెడ్డులోనే ఉండిపోయింది. "ఒక్కసారి ఆ కారులో సింహాచలం వెళ్ళి రావాలిరా" అని అమ్మ అన్న మాటతో దాని పునరుద్ధరణకు పూనుకున్నాను. అమ్మకు ఎనభై రెండేళ్ళు. నా పదవీ విరమణకు మూడేళ్ళే గడువు. కాలమూ పరిమితమే, ధనమూ పరిమితమే. ఇందుకు నేను కేటాయించుకున్నది మూడు లక్షల రూపాయలు.

ఆరంభంలోనే ఒక పొరపాటు చేశాను. కారును ఒక వర్క్‌షాపుకు అప్పగించి "కొత్తదానిలా చేయండి" అన్నాను. ఇంజనీరునై ఉండి అంత అస్పష్టమైన స్పెసిఫికేషన్ ఇవ్వకూడదు. నెల తరువాత వెళ్ళి చూస్తే నిగనిగలాడే కొత్త స్టీరింగు చక్రం కనిపించింది. పాతది అప్పటికే పాత ఇనుము కొట్టుకు చేరిందట. నాన్నగారి అరచేతుల రాపిడికి ఇరువైపులా నునుపుదేలిన చక్రం అది. వర్క్‌షాపు వారిని అనవలసిన పనిలేదు. నేను అడిగిందే వారు చేశారు. మిగిలిన పని ఆపించి కారును ఇంటికి తెచ్చుకున్నాను.

కలకత్తాలో దిగిన మరునాటి ఉదయం హౌరాలో లోకల్ రైలెక్కి ముందుగా హింద్‌మోటర్ స్టేషనుకు వెళ్ళాను. 1950ల చివరి నుండి 2014 మే నెల వరకు అంబాసిడర్లు తయారైన ఉత్తరపారా కర్మాగారం పేరు మీద వెలసిన స్టేషను ఇది. మన కార్యాలయాల పోర్టికోలలో ఒకనాడు బారులు తీరిన తెల్లని కార్లన్నిటికీ పుట్టినిల్లు. కర్మాగారం మూతపడినా స్టేషను పేరు అలాగే ఉంది. ఇక ఆ కారుకు కంపెనీ నుండి అసలు భాగం ఒక్కటైనా కొత్తగా రాదన్న సంగతి, తెలిసినదే అయినా, ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడితే గాని మనసుకెక్కలేదు.

మధ్యాహ్నం మల్లిక్ బజారు చేరాను. పార్క్ స్ట్రీటు, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డు కలిసే కూడలి వద్ద ఉన్న పాత మోటారు సామాన్ల బజారు ఇది. దానికి సమీపంలోనే 1767లో ఏర్పడిన సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటిక ఉంది. సర్ విలియం జోన్స్ సమాధి అక్కడే. అక్కడ మనుషులు శాశ్వత విశ్రాంతిలో ఉండగా, ఇక్కడ కార్లకు ఆ భాగ్యం లేదు. తలుపొకచోట, రేడియేటరొకచోట, మరొక కారులో పునర్జన్మకై ఎదురుచూస్తూ ఉంటాయి.

ఒక ఇరుకు కొట్టులో డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి నా జాబితా అందుకుని కళ్ళజోడు సవరించుకున్నారు. అందులో ఇరవై మూడు వస్తువులున్నాయి. ఆయన పెన్సిలు తీసి ఒక్కొక్కటే కొట్టివేయసాగారు. "ముందు జాలీ వంగిందా, విరిగిందా? వంగితే సరిచేయించండి. మీటర్లు శుభ్రం చేయిస్తే చాలు. సీటు చిరగలేదంటున్నారు, మరి ఎందుకు మార్చడం?" అలా పద్నాలుగు పోయాయి. బ్రేకు సిలిండర్ల దగ్గర ఆగి, "ఇవి మాత్రం పాతవి ఎవరి దగ్గరా కొనకండి సాబ్, నా దగ్గర కూడా" అన్నారు. తన బేరం తానే తగ్గించుకునే వర్తకుణ్ణి నా సర్వీసులో అరుదుగా చూశాను.

"చాచా, స్టీరింగు చక్రం?" అని అడిగాను. అటక మీద నుండి దించారు. అదే కాలపు, అదే నమూనా. అసలుదే, కానీ మా కారుది కాదు. అప్పుడు నాకొకటి స్పష్టమైంది. అసలుదనం రెండు విధాలు: కంపెనీ ఇచ్చినది ఒకటి, వాడిన మనిషి ఇచ్చినది మరొకటి. మొదటిది వెతికితే డబ్బుకు దొరుకుతుంది. రెండవది దొరకదు; కానీ దానిని నిలుపుకోవడానికి పైసా ఖర్చు లేదు, తాకకుండా ఉంటే చాలు.

తిరుగు ప్రయాణంలో జాబితాను మూడు పద్దులుగా తిరగరాశాను. నాన్నగారి వాడకం కనిపించే సీట్లు, డ్యాష్‌బోర్డు, తలుపు మీది గీతలు యథాతథంగా ఉంచాలి. పైకి కనిపించే చిన్న వస్తువులు దొరికితే అసలువి, లేకుంటే నకలు, తరువాతైనా మార్చుకోవచ్చు. ప్రాణరక్షణకు సంబంధించిన బ్రేకులు, వైరింగు, టైర్లు పూర్తిగా కొత్తవి.

ఇంజను విషయంలో మాత్రం చాలా తర్జనభర్జన పడ్డాను. 1990లలో అంబాసిడర్లకు వచ్చిన ఇసుజు 1800 ఇంజను పాతదొకటి తెచ్చి బిగిస్తే చవకని మెకానిక్కుల సలహా. కానీ 2021 జూలైలో వెలువడిన కేంద్ర నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు చేయని వాహనాలకే వింటేజి గుర్తింపు లభిస్తుంది. మా బండి మామూలు రిజిస్ట్రేషను పైనే నడుస్తున్నా, ఆ అర్హతను చేజేతులా పోగొట్టుకోవడం ఎందుకని 1489 సి.సి. పాత ఇంజనునే రీబోరింగ్ చేయించాను. దేశంలో సీసం కలిసిన పెట్రోలు అమ్మకం 2000లో ఆగిపోయింది. ఆ సీసమే వెనుకటి వాల్వు సీట్లను అరగనీయకుండా కాపాడేది. అందుచేత సిలిండరు హెడ్డులో గట్టి లోహపు సీట్లు పొదిగించాను. నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటున్నందున, దానికి తట్టుకునే రబ్బరు గొట్టాలు వేయించాను. ఇవేవీ బయటికి కనబడవు. మూడు లక్షలలో సగానికి పైగా ఇలా కంటికి కనిపించని వాటికే ఖర్చయింది. పెయింటుకు మిగిలింది స్వల్పం. తుప్పు పట్టినచోట మాత్రమే అతుకులు వేయించి రంగు కలిపించాను. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది.

మాఘమాసంలో అమ్మను సింహాచలం తీసుకువెళ్ళాను. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రమ్ము బ్రేకులు వేడెక్కకుండా రెండవ గేరులోనే నడిపాను. అమ్మ సీటు అంచు తడిమి "ఇది మార్చలేదు కదూ" అన్నది. తరువాత నా చేతుల వైపు చూసి, "ఆ చక్రం మీ నాన్నది కాదు" అన్నది. కాదని ఒప్పుకున్నాను.

"పోనీలే, నువ్వు అరగదీద్దువుగాని" అన్నది అమ్మ.