పెరటి నుండి నీహారికలు

చీకటిని అజ్ఞానముతోను, దీపమును జ్ఞానముతోను పోల్చుట మన పెద్దల యలవాటు. ఆ పోలిక చక్కనిదే. కాని దీపమే చూపునకు అడ్డువచ్చు చోటు కూడ ఒకటి కలదు. అది రాత్రి యాకాశము. మూడు శీతకాలములుగా మా పెరటిలో నీహారికల ఛాయాచిత్రములు తీయుచు గ్రహించిన సంగతులు కొన్ని సోదరీమణులకు విన్నవించుకొందును.

మా యిల్లు హైదరాబాదు శివారున నున్నది. చుట్టును బహుళ అంతస్తుల భవనములు. వీథి పొడుగున తెల్లని ఎల్‌.ఇ.డి. దీపములు. అమావాస్యనాడైనను ఆకాశము బూడిదవన్నెలోనే యుండును. మా అమ్మమ్మ పల్లెలో పిల్లలకోడి వ్రాలిన తీరును జూచి తెల్లవారుట కెంత ప్రొద్దున్నదో చెప్పుచుండెడిది. మా వీథిలో ఆ చుక్కలగుంపు నుండుచోటు వెదకి చూపవలసియున్నది. ఇట్టి చోటినుండి, పల్లెచీకటిలో సైతము కంటికి కానరాని నీహారికలను పట్టవచ్చునా యని మీకు సందేహము కలుగుట సహజము. పట్టవచ్చును.

నీహారిక యనగా నక్షత్రముల నడుమ వ్యాపించియున్న వాయువు, ధూళి గల మేఘము. ఓరియన్ మండలములోని పెద్ద నీహారిక మనకు సుమారు 1,350 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. అందు క్రొత్త నక్షత్రములు పుట్టుచున్నవి. ఇట్టి మేఘములలోని హైడ్రోజను సమీప నక్షత్రముల తేజస్సుచే ప్రేరితమై, 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల యెఱ్ఱని కాంతిని వెలువరించును. తెల్లని వీథిదీపముల కాంతిలో ననేక వర్ణములు కలగలసియుండును. ఆ యొక్క యెఱ్ఱవన్నెను మాత్రమే పోనిచ్చు ఫిల్టరును కెమెరా ముందుంచినచో, జల్లెడలో పిండి దిగి పొట్టు నిలిచినట్లు, నీహారిక కాంతి లోనికి దిగును. దీపకాంతిలో చాలభాగము వెలుపలనే నిలిచిపోవును.

నా సామగ్రి స్వల్పము: 7 సెంటీమీటర్ల కటకము గల దూరదర్శిని, దానికి తగిలించిన కెమెరా, ఒక తిరుగు పీఠము. భూమి తిరుగుటచే నక్షత్రములు గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుచున్నట్లుండును గనుక, పీఠము వానిని వెంబడింపవలయును. అందులకు దాని యిరుసును ధ్రువుని దెసకు సరిచేయవలయును. హైదరాబాదులో ధ్రువుడు దిగంతమునకు 17 డిగ్రీల యెత్తుననే యుండును. మాకు రెండు భవనముల సందున దర్శనమిచ్చును.

ఒక్కొక్క పటమునకు కెమెరా కన్ను 5 నిమిషములు తెఱచియుంచుదును. ఒక్క పటములో పలుచని మరక తప్ప మఱేమియు కానరాదు. గత పుష్య మాఘములలో, కొన్ని రాత్రులు కలిపి, 108 పటములు, అనగా 9 గంటల కాంతిని కూర్చితిని. వానినన్నిటిని కంప్యూటరులో నొకదానిపై నొకటి చేర్చినప్పుడు నీహారిక కాంతి 108 రెట్లగును. గజిబిజి చుక్కలు మాత్రము 10 రెట్లకంటె కొంచెమే యెక్కువగును. చిలుకగా చిలుకగా వెన్న తేలునట్లు రూపము తేలివచ్చును. ఒకసారి సరిచేసిన పిమ్మట యంత్రము తనపని తాను చేసికొనుచుండును. ఆ వేళ నేను మరునాటి పప్పు నానవేసి, ఉతికిన బట్టలు మడతపెట్టుకొందును.

ఈ విద్యలో స్త్రీల చేయి మొదటినుండియు కలదు. నీహారికను తొలుత ఛాయాచిత్రమున పట్టినవాడు అమెరికా దేశీయుడగు హెన్రీ డ్రేపరు. అది 1880 సెప్టెంబరు 30వ తేదీ. వేధశాలలో ఆయన భార్య అన్నా ఆయనకు తోడు. 1882లో భర్త మరణింపగా, ఆమె తన ధనమును హార్వర్డు వేధశాలలో నక్షత్ర పరిశోధనకు సమర్పించెను. ఆ వేధశాలలోనే పనిచేసిన విలియమీనా ఫ్లెమింగు స్కాట్లండునుండి వచ్చినది. భర్త విడిచిపోగా, వేధశాలాధిపతియగు పికరింగు నింట పరిచారికగా చేరినది. 1888లో తీసిన యొక గాజుపలకపై, వరుసగా నున్న మూడు చుక్కలలో తూర్పుదాని చెంత నల్లని గండి నొకదానిని గుర్తించెను. దానినే నేడు గుఱ్ఱపుతల నీహారిక యందురు. తరువాత వచ్చిన పట్టికలో ఆమె పేరు చేర్పలేదు. నా 108 పటములు ఆ గుఱ్ఱపుతలవే. చెవులు, మెడ స్పష్టముగా కనబడినప్పుడు నాకు మొదట స్ఫురించినది ఆ పేరే.

కాని జల్లెడకు హద్దు కలదు. పాలపుంతయు, దూరపు నక్షత్రమండలములును సకల వర్ణములలోను వెలుగును. వానిని దీపకాంతినుండి వేఱుచేయు ఫిల్టరు లేదు. కంటికి తొడుగు జల్లెడ అసలే లేదు. ప్రపంచ నక్షత్రపట నిర్మాణమున పాల్గొన్న మన నిజామియా వేధశాలవారు సైతము నగరకాంతికి దూరముగా రంగాపురమున 48 అంగుళముల దూరదర్శినిని 1968లో నెలకొల్పిరి. లడఖులోని హాన్లే ప్రాంతమును చీకటి యాకాశపు రక్షితప్రదేశముగా 2022లో ప్రకటించిరి. సంసారులమగు మనము ఇల్లు విడిచి చీకటిని వెదకుచు పోలేము. మా అమ్మాయికి పదియేండ్లు. పాలపుంతను పుస్తకముననే యెఱుగును. నా గుఱ్ఱపుతలను చూచి సంతోషించి, "ఇది నీ కంప్యూటరులో కాక నాకెప్పుడు కనబడునమ్మా?" యని యడిగినది.

నా పటములు ఆ ప్రశ్నకు జవాబు కావు. కావున మా గుమ్మపు దీపమునకు మూత వేయించి, వెలుగు నేలమీదనే పడునట్లు చేసితిని. ఎదురింటి పిన్నిగారి దీపము మా పెరటిలోనికే కొట్టుచుండెడిది. దొంగల భయమని ఆమె మొదట సమ్మతింపలేదు. ఒక రాత్రి ఆమెను మా గేటుకడ నిలిపి, ఆ వెలుగునకు చేయి యడ్డముపెట్టి చూడుమంటిని. చేయి తీసినప్పుడు కానరాని ప్రహరీ నీడ, చేయి యడ్డముపెట్టినప్పుడు తేటగా కనబడినది. కన్ను చెదరగొట్టు దీపము దొంగకే చుట్టమని తెలిసి, మరునాడే రేకుమూత పెట్టించిరి. పాలపుంత రాలేదు, రెండు మూతలతో వచ్చునదియు కాదు. కాని పిల్లలకోడిలో మూడు చుక్కలే చూచుచుండిన మా అమ్మాయి గత మాఘమున ఐదు లెక్కపెట్టినది.

సోదరీమణులారా! అందఱును కెమెరాలు కొనుడని నేను చెప్పుటలేదు. మీ గుమ్మమున, డాబాపైన నున్న దీపమును ఒకపరి పరీక్షించుడు. అది మెట్లకు వెలుగిచ్చుచున్నదా, ఆకాశమునకా? ఆకాశమునకైనచో, ఒక రేకుమూత చాలును. పని లేని వేళ దీపమార్పుట మనకు క్రొత్తగాదు. దానివలన విద్యుత్తు ఖర్చును తగ్గును, పిల్లలకు నాలుగు చుక్కలును మిగులును.