గాటా మలుపులలో దాహం

2011 ఆగస్టులో మనాలి నుండి లేహ్‌కు సైకిలు మీద బయలుదేరిన ఏడవ రోజు అది. సర్చూ దాటాక గాటా లూప్స్: 21 మలుపులు, సుమారు 450 మీటర్ల ఎత్తు ఎక్కాలి. చెట్టన్నది లేదు. అక్కడి పొడిగాలి చెమటను కంటికి కనబడనీయకుండానే తాగేస్తుంది. పదిమార్లు తొక్కితే ఒకమారు దిగి, హ్యాండిలు మీద తల వాల్చి ఊపిరి వెతుక్కోవడమే. కణతలలో సమ్మెటపోట్లు. పదమూడవ మలుపు తరువాత లెక్కపెట్టడం మానేశాను.

పైన గుడిలాంటి చిన్న రాళ్ళ కట్టడం, చుట్టూ గుట్టగా నీళ్ళసీసాలు. లారీ చెడిపోయి, మంచులో ఒంటరిగా చిక్కి మరణించిన ఒక క్లీనరు ఆత్మ దాహం తీరడానికట! నా సీసా అప్పటికే ఖాళీ. దెయ్యాలను నేను నమ్మను (మైదానంలో ఉన్నంతవరకూ). అయినా చేయి ముందుకు సాగలేదు.

ఇంతలో ఒక లారీ ఆగింది. క్లీనరు కుర్రవాడు దిగి, సీసా మూత విప్పి, సగం నీళ్ళు ఆ రాళ్ళ మీద పోసి, మిగిలిన సగం మౌనంగా నాకందించాడు. లారీ ఎక్కమని సైగ కూడా చేశాడు. తల అడ్డంగా ఊపాను, ఎందుకని అడగకండి. నకీ లా ఇంకా పైనే ఉంది. ఎదురుగాలి అప్పుడే మొదలయింది.