చప్పుడు చేయని ఎసరు

మా కడియము పూలకును మొక్కలకును పేరుపడిన ఊరు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువ నీటితో పచ్చబడిన సీమ యిది. మొక్క వాడినచో నీటి గుణమును విచారించుట ఇచటివారికి అలవాటు. కావున మా వీధిలోనికి మైక్రోవేవు పొయ్యి వచ్చినప్పుడు, మొదట పుట్టిన సందేహము నీటినిగూర్చినదే.

ఆ పొయ్యిలో కాచిన నీటిని చల్లార్చి పోసినను మొక్క చచ్చునని ఒక వదంతి లోకమున వ్యాపించినది. అది మా పొరుగింటి మామ్మగారి చెవిని బడెను. “మొక్కను చంపే నీళ్లు మనిషిని బతకనిస్తాయా బాబూ?” అని ఆమె నన్నడిగిరి.

“పరీక్షించి చూతము” అని నేను నర్సరీనుండి ఒకే ఈడు బంతిమొక్కలు రెండు తెచ్చితిని. ఒకదానికి మైక్రోవేవులో కాచి చల్లార్చిన నీరును, రెండవదానికి గ్యాసు పొయ్యిపై కాచి చల్లార్చిన నీరును నలువది దినములు పోసితిమి. రెండును మొగ్గ తొడిగినవి. రెండు మొక్కల పరీక్ష శాస్త్రనిర్ణయమునకు చాలదు. కాని శాస్త్రము చెప్పునదియు నదియే.

ఆ పొయ్యిలోని తరంగములు రేడియో తరంగముల జాతివి. 1945లో పెర్సీ స్పెన్సర్ అను అమెరికా ఇంజనీరు, రాడారు యంత్రపు గొట్టము చెంత నున్నప్పుడు తన జేబులోని మిఠాయి కరుగుట గమనించెను. ఆ గమనికయే ఈ పొయ్యికి మూలము. ఇండ్లలోని పొయ్యిలలో ఈ తరంగములు సెకనుకు 245 కోట్ల పర్యాయములు స్పందించును. వానితోపాటు నీటి అణువులు అటునిటు తిరుగ యత్నించి వేడెక్కును. అణువును విరుచు శక్తి ఈ తరంగములకు లేదు. పొయ్యి ఆగినతోడనే అవియు ఆగును; నీటిలో విషమేమియు మిగులదు.

“అయితే భయం లేదన్నమాట” అని మామ్మగారు సంతోషించిరి. భయము లేకపోలేదు, అది వేరొకచోట నున్నది.

పొయ్యిమీది ఎసరు తన సంగతి తానే చెప్పును. గిన్నె అడుగు ముందుగా వేడెక్కి, అచటి గీతలలో బుడగలు పుట్టును. మొదట సన్నని రొద వినవచ్చును. పిదప నీరు తెరలును. మైక్రోవేవులో నట్లు కాదు. నున్నని గాజుకప్పులో బుడగ పుట్టుటకు ఆధారము దొరకక, నీరు 100 డిగ్రీలు దాటియు కదలక మెదలక ఉండవచ్చును. అట్టి నీటిలో చెంచా పెట్టినను, కాఫీపొడి వేసినను, అది ఒక్కుమ్మడి పొంగి ముఖముపై చిమ్మును.

లెక్క చూడుడు. ఒక కప్పులోని 200 గ్రాముల నీరు 110 డిగ్రీల కెక్కినదనుకొందము. పొంగునప్పుడు అందు ఆవిరియగునది నాలుగు గ్రాములకు లోపే. కాని ఆ కొద్ది నీరే ఆరు లీటర్ల ఆవిరియై, మిగిలిన మరగునీటిని పైకెగజిమ్మును!

దీనికి ఉపాయము సులభము. కాచుటకు ముందే కప్పులో శుభ్రమైన కఱ్ఱచెంచా నుంచవలెను. బుడగలు దాని గరుకుతనము నాశ్రయించి పుట్టును. లోహపాత్రలు పెట్టరాదు. అవసరమునకు మించి కాచరాదు. ఒకసారి కాచిన నీటిలో గాలి పోయియుండును గావున, దానిని మరల కాచునపుడు మరింత జాగరూకత వలయును. పొయ్యి ఆగిన పిదప ఒక నిమిషము కదల్పక ఉంచి, ముఖము దూరముగా నుంచుకొని తీయవలెను. ఒకవేళ ఒడలు కాలినచో, ఆ చోటును 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచి, పిదప వైద్యునికి చూపవలెను.

విషమని వెరచువాడు మేలైన సాధనమును విడుచును; ఏ భయమును లేదనుకొనువాడు కప్పుపైకి వంగి చూచును. బాలలారా! ఎచట వెరవవలెనో, ఎచట వెరవనక్కరలేదో తెలిసికొనుటకే శాస్త్రము చదువుట. నీరు నిశ్చలముగా నున్నంతమాత్రమున చల్లనిదని యెంచకుడు.