రంగు పెన్సిలు

వడ్రంగి పనికి పూనుకొనుటకు ముందు ఉలికి పదును పెట్టును. రైతు మడక కట్టుటకు ముందు కర్రును సరిచూచుకొనును. చిత్రము వ్రాయువానికి పెన్సిలు అట్టి పనిముట్టు. అయినను బడిపిల్లలు పెన్సిళ్ళను కొనునపుడు పెట్టెమీది బొమ్మను చూచి మురియుదురు. లోపలి కడ్డీని చూడరు. చెక్కునపుడు త్వరపడుదురు, మొన విరిగినంతనే పెన్సిలును నిందింతురు.

నల్ల పెన్సిలులోని కడ్డీ గ్రాఫైటును బంకమట్టితో కలిపి కొలిమిలో కాల్చగా గట్టిపడినది. ఈ పద్ధతిని ఫ్రాన్సు దేశీయుడగు నికొలా జాక్ కోంటె 1795లో కనిపెట్టెను. రంగుకడ్డీని అట్లు కాల్చుటకు వీలులేదు; కాల్చినచో రంగులు చెడిపోవును. కావున రంగుపొడిని, మెత్తని తెల్లమట్టిని, జిగురును, మైనమునో నూనెనో కలిపి, సన్నని కడ్డీలుగా తీసి, ఆరబెట్టి, చెక్కపలకల నడుమ అతికింతురు. నిప్పు తాకని కడ్డీ యగుటచే అది కాగితముపై మృదువుగా సాగును. ఆ కారణముననే సులభముగా విరుగును. దాని గుణమును, దోషమును ఒక్కచోటనే పుట్టినవి.

జర్మనీలో న్యూరెంబర్గు చెంత స్టైను గ్రామమున 1761లో ఫాబర్ కుటుంబము పెన్సిళ్ళ పని ఆరంభించెను. ఆ సంస్థయే 1908లో చిత్రకారులకై 60 రంగుల ‘పాలిక్రోమోస్’ పెన్సిళ్ళను వెలువరించెను. చిత్రకారుల పెన్సిలులో రంగుపొడి పాలు హెచ్చు. పిల్లల పెన్సిలులో మట్టిపాలు హెచ్చు. వెలలోని భేదమునకు ఇదియొక ముఖ్యకారణము. నూనె కలిసిన కడ్డీ కొంత గట్టిగానుండి మొనను ఎక్కువసేపు నిలుపుకొనును. మైనము కలిసినది మెత్తగా, దట్టముగా పట్టును. కాని దట్టముగా పూసిన చిత్రముపై కొన్నాళ్ళకు తెల్లని పొరవంటిది తేలును. మెత్తని గుడ్డతో మెల్లగా తుడిచిన అది పోవును.

రంగు సొంపుకంటె రంగు నిలుకడ ముఖ్యము. ఒక బాలిక గతించిన తన అవ్వ ముఖమును నెల దినములు శ్రమించి చిత్రించి, పటము కట్టించి, కిటికీ కెదురుగా తగిలించినదనుకొనుడు. ఆమె ఎన్నుకొన్న గులాబి, ఊదా రంగులు ఎండకు నిలువనివైనచో, కొన్ని యేండ్లలో అవ్వ బుగ్గలు పాలిపోవును; చీర వెలిసిపోవును. ఆ అవ్వను మరల కూర్చుండబెట్టి చిత్రించుట ఎవరి తరము? అందుచే మంచి సంస్థలు ప్రతి పెన్సిలుపైనను నిలుకడను నక్షత్రములతోనో, అంకెలతోనో గుర్తింతురు. గుర్తు లేనిచో పరీక్షించుట సులభము. కాగితముపై రంగులను పట్టీలుగా పూసి, సగము భాగమును దళసరి నల్లకాగితముతో కప్పి, ఎండ తగులు కిటికీలో రెండు మూడు నెలలుంచవలెను. తరువాత కప్పు తీసిచూచినచో ఏ రంగు మాట నిలుపుకొన్నదో తెలియును.

కొనునపుడు పెన్సిలు కొనను పరికింపవలెను. కడ్డీ చెక్కకు సరిగా నడుమ నుండవలెను. ఒక ప్రక్కకు ఒరిగినచో చెక్కునపుడు ఒకవైపు చెక్క మిగిలిపోవును. బల్లపై దొర్లించినచో వంకర బయటపడును. నూరు రంగుల పెట్టె అందరికిని అందునది కాదు. విడిగా అమ్ముచోట పండ్రెండు ఏరుకొన్నను చాలును: రెండు పసుపులు, రెండు ఎరుపులు, రెండు నీలములు, ఒక ఆకుపచ్చ, ఒక గోపీచందనపు రంగు, ఒక కావి, ఒక ముదురు గోధుమరంగు, తెలుపు, నలుపు. ఒకదానిపై నొకటి పలుచగా పూసినచో తక్కిన రంగులు కాగితముపైననే పుట్టును.

ఇక చెక్కుట. కాగితము కంటికి నున్నగా కన్పించినను, దానియందు సూక్ష్మమగు మిట్టపల్లములు కలవు. వాడిమొన పల్లములలోనికి దిగి రంగు నింపును. మొద్దుమొన మిట్టలనే తాకి తెల్లని చుక్కలను విడుచును. అప్పుడు పిల్లలు గట్టిగా అదుముదురు. కాగితము నలుగును, మొన విరుగును. వాడిమొనకు ఆ బలము అక్కరలేదు.

చాకుతో చెక్కుట పెద్దల యెదుట నేర్చుకొనవలెను. పెన్సిలును ఎడమచేత పట్టి, అంచును శరీరమునకు అవతలివైపు త్రిప్పి, ఎడమ బొటనవ్రేలితో చాకు వీపును మెల్లగా నెట్టవలెను. మొదట చెక్కను పలుచని పెళ్ళలుగా తీసి, పిదప కడ్డీని గరుకుకాగితముపై త్రిప్పుచు మొన తీర్చవలెను. బడిపిల్లలు ‘మెండరు’ అని పిలుచు షార్పనరు వాడువారు దాని బ్లేడు మొక్కపోయినంతనే మార్చవలెను. మొక్కపోయిన బ్లేడు చెక్కను కోయక చీల్చును. మెత్తని కడ్డీ గల పెన్సిలును కదలనీయక షార్పనరునే త్రిప్పినచో కడ్డీకి మెలిపెట్టు తగ్గును.

ఎంత జాగ్రత్తగా చెక్కినను మొన మాటిమాటికి ఊడిపడుచున్నచో, ఆ పెన్సిలు ఎన్నడో నేలపై పడియుండవచ్చును. పైచెక్కకు గాయము కానరాదు. లోపలి కడ్డీ మాత్రము ముక్కలై యుండును. అందుచే పెన్సిళ్ళను బల్లయంచున విడువక, గుడ్డసంచిలోనో పెట్టెలోనో పదిలపరచవలెను. చేత పట్టరానంత పొట్టియైనచో గొట్టపు తొడుగులో దూర్చి కడవరకు వాడవచ్చును.

చెక్కుటకై ఆగిన కాలము వ్యర్థమని తలపరాదు. ఆ కొద్ది క్షణములలో చేయి సేదదీరును. కన్ను చిత్రమునుండి తొలగి మరల దానిపై వ్రాలినపుడు, అంతవరకు కన్పడని తప్పు కన్పడును. పనిముట్టును ఆదరించువాడు పనిని ఆదరించినవాడే. ఓర్పుతో మొన తీర్చుట యెరిగిన చేతికి గీత తానై లొంగును.